చికాగోలో మొదటిసారి మ్యాచ్‌కి వెళ్తుంటే

ఏ టీమ్ మ్యాచ్‌కి వెళ్ళాలి అని ఆలోచించే ముందు ఇది ఏ నెలో చూసుకోండి, చికాగోలో సగం ఆట వాతావరణమే ఆడుతుంది.

మే నుంచి సెప్టెంబర్ లోపు అయితే బేస్‌బాల్ టీమ్ కబ్స్ గ్రౌండ్ రిగ్లీ ఫీల్డ్, ఇంకో మాట లేదు. బేస్‌బాల్ రూల్స్ రాకపోయినా పర్లేదు, ఆ గ్రౌండ్ చూడ్డానికే వెళ్ళొచ్చు. 1914 నాటిది, స్కోర్‌బోర్డ్ లోపల మనుషులు కూర్చుని నంబర్ పలకలు ఇప్పటికీ చేత్తోనే మారుస్తారు, 1988 దాకా లైట్లే లేవు కాబట్టి కబ్స్ అక్కడ ఆడిందంతా పగలే. అవుట్‌ఫీల్డ్ గోడ మీద ఐవీ తీగ, బంతి అందులో ఇరుక్కుంటే ఫీల్డర్ వెతక్కుండా చేతులెత్తేస్తాడు, కొట్టినవాడికి రెండు బేస్‌లు, అంటే సగం పరుగు దూరం, ఇచ్చేస్తారు. ఏప్రిల్‌లో మాత్రం ఆ తీగ ఎండు పుల్లల్లా ఉంటుంది, పైగా మిషిగన్ లేక్ మీంచి గాలి, నేను ఎండ ఉంది కదా అని పల్చటి జాకెట్‌తో వెళ్ళి మూడో ఇన్నింగ్స్‌కే చలికి వణికిపోయా.

టికెట్ కొనేటప్పుడు 200 సెక్షన్లలో వెనక వరసలు చవగ్గా కనిపిస్తే ఆగండి, పై అంతస్తుని మోసే స్తంభాలు అడ్డొస్తాయి, బంతి విసిరే పిచ్చర్ కనిపిస్తే బ్యాటర్ కనిపించడు. అవుట్‌ఫీల్డ్ గోడ వెనకుండే బెంచీలు, అంటే బ్లీచర్స్‌లో సీట్ నంబర్లు ఉండవు, ముందెళ్ళినవాళ్ళదే చోటు. అక్కడ అవతలి టీమ్ హోమ్ రన్ (మన సిక్సర్ లాంటిది) బంతి మీ చేతికొస్తే దాచుకోకండి, వెనక్కి విసిరెయ్ అని చుట్టూ ఉన్నవాళ్ళంతా అరుస్తారు.

కార్ వద్దు. రెడ్ లైన్ ట్రైన్‌లో అడిసన్ స్టేషన్‌లో దిగితే గ్రౌండ్ అక్కడే. మ్యాచ్ అవగానే ప్లాట్‌ఫామ్ మీద కాలు పెట్టే చోటుండదు, కబ్స్ గెలిస్తే స్కోర్‌బోర్డ్ మీద డబ్ల్యూ జెండా ఎగరేస్తారు, అది చూసుకుంటూ ఓ అరగంట ఆగి బయల్దేరితే హాయి. అదే రెడ్ లైన్‌లో దక్షిణం వైపు సాక్స్-35త్ స్టేషన్‌లో దిగితే ఊళ్ళో ఇంకో బేస్‌బాల్ టీమ్ వైట్ సాక్స్ గ్రౌండ్, హోమ్ రన్ కొడితే స్కోర్‌బోర్డ్ మీంచి టపాసులు, పిల్లలకి అదే నచ్చుద్ది.

చలికాలం వచ్చిందంటే యునైటెడ్ సెంటర్. బాస్కెట్‌బాల్ టీమ్ బుల్స్, ఐస్ హాకీ టీమ్ బ్లాక్‌హాక్స్ ఇద్దరిదీ అదే, బుల్స్ మ్యాచ్‌కి కింద ఐస్ అలాగే ఉంచి పైన చెక్క ఫ్లోర్ పరుస్తారు. గ్రీన్ లైన్‌కి 2024లో డేమెన్ స్టేషన్ వచ్చింది కాబట్టి అక్కణ్ణుంచి నడిచెళ్ళొచ్చు. బ్యాక్‌ప్యాక్ మాత్రం తీసుకెళ్ళకండి, లోపలికి రానివ్వరు. బుల్స్ స్టార్ మైఖేల్ జోర్డాన్ విగ్రహం దగ్గర ఫొటోకి జనం ఎక్కువ, కాస్త ముందే వెళ్ళండి.

అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ బేర్స్ మ్యాచ్ సోల్జర్ ఫీల్డ్‌లో, పైకప్పు లేదు, పక్కనే లేక్. హ్యాండ్‌బ్యాగ్ కూడా లోపలివి కనపడే ప్లాస్టిక్‌దే అయ్యుండాలి, చేతిలో పట్టే చిన్న పర్సు వరకు ఓకే. డిసెంబర్‌లో అయితే సాక్సులు రెండు జతలు వేసుకోండి, చలి ఎక్కేది తలనుంచి కాదు, కింద కాంక్రీట్ నుంచి.