కనుమ పైకి చేరితే సగం దారే: ఆల్ప్స్‌లో నడకకీ, సైకిలుకీ జాగ్రత్తలు

1988 జూన్ 5న జిరో డిటాలియా సైకిల్ రేసు ఇటలీలోని గవియా కనుమ (రెండు లోయల మధ్య కొండను దాటే దారి) దాటుతుండగా మంచు తుఫాను వచ్చిపడింది. 2,600 మీటర్లకు పైనున్న ఆ కనుమ మీదికి అందరికన్నా ముందు చేరినవాడు డచ్ రేసర్ యోహాన్ వాన్ డెర్ వెల్డె. పొట్టి చేతుల జెర్సీతోనే ఎక్కేశాడు. దిగుడులో చలికి తట్టుకోలేక మధ్యలోనే ఆగిపోయాడు. బోర్మియో ఊళ్ళో ముగింపు గీత దాటేసరికి ఆ రోజు గెలిచినవాడికన్నా ముప్పావు గంటకు పైగా వెనకబడ్డాడు. వెచ్చటి బట్టలు, గ్లోవ్స్ ముందే సిద్ధం చేసుకున్న అమెరికన్ ఆండీ హాంప్‌స్టెన్ చివరికి ఆ ఏటి జిరోనే గెలిచాడు.

కనుమలకి వెళ్ళేవాళ్ళలో చాలామంది ఎక్కడానికే సిద్ధమవుతారు. కాళ్ళకి బలం, గుండెకి ఓపిక, సైకిలుకి తేలిక గేర్లు చూసుకుంటారు. కానీ ఎక్కలేకపోతే అయ్యేది ఏముంది, ఆగుతాం, మహా అయితే వెనక్కి తిరుగుతాం. అసలు గండం పైకి చేరాక మొదలవుతుంది. ఒళ్ళు అలిసి, చెమటతో తడిసి, ఎదర గాలి కొడుతుండగా మనకి తెలియని రెండో వైపుకి దిగాలి. కింద చెప్పేవాటిలో చాలా భాగం ఆ రెండో సగం గురించే.

బయల్దేరే ముందు

రెండు వేల మీటర్లు దాటిన కనుమ రోడ్లు చాలావరకు చలికాలమంతా మూసే ఉంటాయి. మే చివర్లోనో జూన్‌లోనో తెరుస్తారు, అక్టోబరు, నవంబరు వచ్చేసరికి మళ్ళీ మూస్తారు. తేదీ ఏటేటా మారుతుంది. తెరిచారా లేదా అన్నది కొండ కిందే బోర్డు మీద కనిపిస్తుంది, ముందురోజు రాత్రే ఇంటర్నెట్‌లోనూ చూసుకోవచ్చు. గేటు వేసి ఉంటే పక్కనుంచి సైకిల్ దూర్చి వెళ్ళేవాళ్ళని మే నెలలో చూస్తూనే ఉంటాం. ఆ గేటు కార్ల కోసమే కాదు. పైన మంచు తోడే యంత్రాలు తిరుగుతుంటాయి, అవలాంచ్ (మంచుచరియ) జారే చోట్లు ఇంకా బాగుపడి ఉండవు.

వాతావరణ సూచన రెండు లోయలకీ విడివిడిగా చూడండి. కనుమంటేనే రెండు వాతావరణాల మధ్య గోడ. 2019 జులై 26న టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసర్లు ఫ్రాన్స్‌లోని ఇసెరాన్ కనుమ ఎక్కేసి దిగుతుండగా, అటువైపు వడగళ్ళు పడి, కొండచరియ విరిగి రోడ్డును కప్పేసింది. రేసును అక్కడే ఆపి, కనుమ పైన తీసుకున్న టైముల్నే లెక్కలోకి తీసుకోవాల్సి వచ్చింది. ఎన్నో వాహనాలు, వైర్‌లెస్ సెట్లు వెంట ఉన్న రేసుకే అలా జరిగింది. మనకి ఉండేది ఒక్క ఫోను, దానికీ లోయల్లో సిగ్నల్ అందని చోట్లు చాలా.

మంచు అంటే ఏ మంచు?

తెలుగులో మంచు అనే ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. ఆల్ప్స్‌లో మాత్రం ఏ మంచో తెలుసుకోవాలి. ఆగస్టులో కూడా రాత్రికి రాత్రి కురిసే కొత్త మంచు ఒకటి. అది కనిపిస్తుంది కాబట్టి భయపడి ఆగిపోతాం. కళ్ళు కప్పేసే పొగమంచు మరొకటి. నా లెక్కలో అన్నిటికన్నా మోసకారి మూడోది, పోయిన చలికాలంలో పడి కరగకుండా గట్టిపడ్డ పాత మంచు. జులై దాకా కాలిబాటకి అడ్డంగా ఇరవై, ముప్పై అడుగుల పట్టీలా పడి ఉంటుంది. చూస్తే నాలుగు అంగల్లో దాటేయొచ్చు అనిపిస్తుంది. పొద్దున్నే అది గాజులా ఉంటుంది. కాలు జారితే ఆగడానికి పట్టు దొరకదు.

ఇక్కడో మెలిక ఉంది. దక్షిణం వైపు వాలు ఎండకి ముందే ఆరిపోతుంది, ఉత్తరం వైపు వాలు మీద మంచు వారాల తరబడి మిగులుతుంది. దక్షిణం నుంచి ఎక్కితే పొడి బాట మీద హాయిగా పైదాకా వెళ్ళిపోతాం, అవతలికి తొంగిచూస్తే తెల్లటి వాలు. అప్పుడు వెనక్కి తిరగాలంటే మనసు ఒప్పదు. అందుకే అటువైపు ఎలా ఉందో ముందురోజే ఆ పక్కనున్న కొండ బసకి ఫోన్ చేసి అడగండి. ఆల్ప్స్‌లో అన్నిటికన్నా ఎత్తైన మాంట్ బ్లాంక్ కొండ చుట్టూ తిరిగే కాలిబాట మీద జూన్‌లో వెళ్ళేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. మంచు పట్టీ దాటాల్సి వస్తే ముందు కిందికి చూడండి. జారితే గడ్డి మైదానంలోకి పోయి ఆగుతామా, రాళ్ళ మీదికో అంచు మీదికో పోతామా? రెండోదైతే దాటొద్దు. బూట్లకి తగిలించే ముళ్ళ పట్టాలు తేలికే, సంచిలో పడేసుకోండి.

దిగుడు

వెయ్యి మీటర్లు ఎక్కితే చలి సుమారు ఆరున్నర డిగ్రీలు పెరుగుతుంది. ఇటలీలోని స్టెల్వియో కనుమకి ప్రాటో ఊరి నుంచి ఎక్కితే 48 హెయిర్‌పిన్ మలుపులు, 1,800 మీటర్ల ఎత్తు. అంటే కింద ఇరవై డిగ్రీలుంటే పైన ఎనిమిది. అందులో గంటకి యాభై కిలోమీటర్ల వేగంతో తడి జెర్సీ మీద గాలి కొడితే ఎలా ఉంటుందో ఆలోచించండి. నేనొకసారి ఎండ చూసి మురిసి పొడుగు గ్లోవ్స్ గదిలోనే వదిలేశాను. నాలుగో మలుపుకే వేళ్ళు కొయ్యబారి బ్రేకు లివర్ పట్టు తెలియడం మానేసింది. బ్రేకు పట్టలేని చేతులతో దిగడం కన్నా నడవడం నయమని సైకిల్ తోసుకుంటూ దిగాను.

కాబట్టి పైకి చేరగానే ఫొటోలకన్నా ముందు ఒక పని. తడి బనియను విప్పి పొడిది వేసుకోండి, దానిపైన గాలి ఆపే జాకెట్, పొడుగు గ్లోవ్స్, హెల్మెట్ కింద పల్చటి టోపీ. ఏమీ లేకపోతే పాత రేసర్ల కిటుకు ఉండనే ఉంది, జెర్సీ లోపల గుండెకి అడ్డంగా న్యూస్‌పేపర్ మడిచి పెట్టుకోవడం. వణుకు మొదలయ్యాక ఆగుదాంలే అనుకోకండి, వణికే మనిషి హ్యాండిల్ కూడా వణుకుతుంది.

బ్రేకులు నొక్కి పట్టుకుని కూర్చోవద్దు. మలుపుకి ముందు తిన్నటి రోడ్డు మీదే గట్టిగా వేసి, మలుపులో వదిలేయాలి. అదేపనిగా పట్టుకుంటే రిమ్ము కాలి ట్యూబు పేలొచ్చు, డిస్కు బ్రేకులైతే వేడెక్కి పట్టు తగ్గిపోవచ్చు. కాలిన వాసన వస్తే ఆగండి, డిస్కుని మాత్రం వేలితో ముట్టుకోవద్దు. బయల్దేరే ముందే బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేయించుకోవడం మేలు.

సొరంగాల్లోకి, కొండరాళ్ళు మీద పడకుండా రోడ్డుకి కట్టిన కప్పుల కిందికి ఎండలోంచి దూరిపోతే రెండు మూడు సెకన్లు ఏమీ కనపడదు. పగలైనా ముందూ వెనకా లైటు వెలగాలి. కొన్ని సొరంగాల్లోకి సైకిళ్ళని అసలు రానివ్వరు, ఫ్రాన్స్‌లో గాలిబియే కనుమ కింది సొరంగం అలాంటిదే. అక్కడ కనుమ మీది రోడ్డుగుండా పైకి ఎక్కి దాటాల్సిందే. స్విట్జర్లాండ్ కొండ రోడ్ల మీద పసుపు పోస్టు బస్సు మూడు స్వరాల హారన్ మోగిస్తే మలుపులో ఉన్నది మీరైనా సరే, పక్కకి జరగండి. ఆ బస్సుకి మలుపు మొత్తం కావాలి.

నడిచేవాళ్ళకి

స్విట్జర్లాండ్‌లో పసుపు గుర్తు ఉన్న బాట మామూలు నడక. తెలుపు ఎరుపు తెలుపు అయితే కొండ బాట, నిటారుగా ఉండొచ్చు. తెలుపు నీలం తెలుపు కనిపిస్తే చేతులతో పట్టుకుని ఎక్కే చోట్లు, మంచు, గ్లేసియర్ (హిమానీనదం) కూడా రావొచ్చు, అనుభవం లేకుండా అటు వెళ్ళొద్దు. బోర్డు మీద రాసిన గంటల్లో విశ్రాంతి కలపరు, తిండికీ ఫొటోలకీ మీరే కలుపుకోండి. స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ ఊరి పైన తెయోడుల్ లాంటి కనుమలు మ్యాపులో కాలిబాటలా కనిపించినా గ్లేసియర్ మీదుగా పోతాయి. కొత్త మంచు కింద పగుళ్ళు కనపడవు. తాడు, గైడు లేనిదే వెళ్ళొద్దు.

వేసవి ఉరుములు మధ్యాహ్నం తర్వాతే ఎక్కువ. పొద్దున్న ఆరింటికే బయల్దేరి, ఒంటిగంటకల్లా కనుమ దాటి దిగుతూ ఉండాలి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్లకన్నా తక్కువుంటే అది పది కిలోమీటర్ల లోపే ఉంది. శిఖరం అంచులూ ఒంటరి చెట్లూ ఇనుప తాళ్ళూ వదిలి కిందికి దిగండి. సైకిల్‌నీ చేతికర్రల్నీ దూరంగా పెట్టండి.

పచ్చికలో ఆవులుంటే దూడకీ తల్లికీ మధ్య నుంచి పోవద్దు, చుట్టు తిరిగినా పర్వాలేదు. గొర్రెల మందలకి కాపలా ఉండే తెల్లటి పెద్ద కుక్కలు ఎదురొస్తే సైకిల్ దిగి, దాన్ని మీకూ కుక్కకీ మధ్య ఉంచుకుని, మెల్లగా నడిచి పోండి. తొక్కి తప్పించుకుందాం అనుకుంటే అది వెంటపడుతుంది.

సాయం కావాలంటే

అత్యవసర ఫోను నంబరు 112 ఆల్ప్స్ దేశాలన్నిటిలో పనిచేస్తుంది. స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ రక్షణకి 1414, ఆస్ట్రియాలో కొండ రక్షణకి 140. హెలికాప్టర్ ఖర్చు మీ ఇన్సూరెన్స్ ఇస్తుందో లేదో పాలసీ కాగితంలో చదవండి, కొన్ని ట్రావెల్ పాలసీలు కొండ నడకని కలపవు. ఫోను అందని చోట విజిల్‌తోనో టార్చితోనో నిమిషంలో ఆరుసార్లు సంకేతం ఇచ్చి, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఇవ్వండి. నిమిషానికి మూడుసార్లు జవాబొస్తే మీ గోడు విన్నట్టే. హెలికాప్టర్ కనిపిస్తే రెండు చేతులూ వై అక్షరంలా పైకెత్తితే సాయం కావాలని, ఒక చెయ్యి పైకీ ఒకటి కిందికీ పెడితే అక్కర్లేదని. ఊరికే చెయ్యి ఊపి పలకరించొద్దు.