ముఖ్య సభ్యుడు లేకుండా పాత రాక్ బృందం వస్తున్నప్పుడు అభిమాని చేయవలసిన పనులు

బరంపురంలో ఉంటూ రాక్ సంగీతాన్ని ప్రేమించేవారికి కచేరీ అంటే సాయంత్రం పూట వెళ్లి రాత్రికి ఇల్లు చేరే పని కాదు. పెద్ద విదేశీ బృందం మన దేశానికి వస్తే ముంబయికో బెంగళూరుకో ఢిల్లీకో వస్తుంది. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ముంబయి చేరడానికే 30 గంటలకు పైగా పడుతుంది. సెలవు పెట్టుకుని, రానుపోను చార్జీలకూ బసకూ టికెట్టుకూ నెలల తరబడి డబ్బు కూడబెట్టుకున్నాక, ఫలానా సభ్యుడు ఈసారి రావడం లేదన్న వార్త వస్తే మనసు ఎంత చివుక్కుమంటుందో నాకు తెలుసు. అటువంటప్పుడు టికెట్టు ఉంచుకోవాలా వదులుకోవాలా, వెళితే ఎలా వినాలి, వచ్చాక ఎలా మాట్లాడాలి అన్న విషయాలను గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల తెలుగు శ్రోతల కోసం నా అనుభవం మేరకు వివరిస్తున్నాను.

వార్త తెలిసిన రోజున ఏ నిర్ణయమూ తీసుకోవద్దు. ముందుగా ఆ సభ్యుడు ఎందుకు రావడం లేదో తెలుసుకోవాలి. మరణం, అనారోగ్యం, విరమణ, తగాదా అన్న నాలుగు కారణాలూ అభిమాని నుంచి నాలుగు వేర్వేరు స్పందనలు కోరతాయి. వాటన్నిటికీ ఒకే కోపంతో బదులివ్వడం వల్లనే చాలామంది తర్వాత బాధపడతారు. 1963 నుంచి రోలింగ్ స్టోన్స్ బృందానికి డ్రమ్ములు వాయించిన చార్లీ వాట్స్ చికిత్స కారణంగా అమెరికా పర్యటనకు రాలేరని 2021 ఆగస్టు మొదటి వారంలో ప్రకటించారు. అదే నెల 24న ఆయన కన్నుమూశారు. సెప్టెంబరు 26న సెయింట్ లూయిస్ నగరంలో పర్యటన మొదలైనప్పుడు, ముందుగా ఖాళీ వేదిక మీద డ్రమ్ముల శబ్దం ఒక్కటే వినిపిస్తుండగా తెర మీద ఆయన చిత్రాలు చూపించారు. ఇంత తొందరగా బయలుదేరాలా అని నొచ్చుకున్నవారు ఉన్నారు, ఆయన లేని లోటును దాచకుండా అందరి ముందూ పెట్టారని ఊరట పొందినవారూ ఉన్నారు. నేను రెండో పక్షంవాడిని, అయితే మొదటి పక్షం వారి బాధను తప్పు పట్టను. ది హూ బృందం విషయంలో ఇంతకంటే తక్కువ వ్యవధి దొరికింది. వారి బేస్ గిటారు వాద్యకారుడు జాన్ ఎంట్విసిల్ 2002 జూన్ 27న, పర్యటన రేపు మొదలవుతుందనగా మరణించారు. జూలై 1న ఆయన స్థానంలో పీనో పల్లడీనోను తీసుకుని వారు వేదిక ఎక్కారు. ఒక పర్యటన మీద ఎందరో పనివారి జీతాలు ఆధారపడి ఉంటాయన్న సంగతిని కూడా తీర్పు చెప్పేముందు లెక్కలోకి తీసుకోవాలి.

అనారోగ్యమైతే ఓపిక పట్టడం మేలు. 2016లో ఏసీడీసీ బృందం గాయకుడు బ్రయన్ జాన్సన్ వెంటనే పాడడం ఆపకపోతే వినికిడి పూర్తిగా పోతుందని వైద్యులు హెచ్చరించారు. మిగిలిన కచేరీలకు గన్స్ ఎన్ రోజెస్ గాయకుడు ఆక్సెల్ రోజ్‌ను తీసుకున్నారు. కాలు విరిగి ఉన్నందున ఆయన మొదట్లో కుర్చీలో కూర్చునే పాడవలసి వచ్చింది. అభిమానులు చాలా మండిపడ్డారు, పలువురు టికెట్టు డబ్బు వెనక్కి తీసుకున్నారు, వెళ్లినవారిలో అనేకులు మెచ్చుకుంటూ తిరిగి వచ్చారు. ఆ తర్వాత 2020 నాటి ఆల్బంలో జాన్సన్ మళ్లీ పాడారు. కాబట్టి ఒకరు తప్పుకోగానే బృందం పని అయిపోయిందని రాసేయడం తొందరపాటు.

తగాదా విషయంలో నా సలహా చిన్నది. 2018లో ఫ్లీట్‌వుడ్ మాక్ తన గిటారు వాద్యకారుడు లిండ్సే బకింగ్‌హామ్‌ను తొలగించి ఇద్దరిని తీసుకుంది; ఆయన కోర్టుకు వెళ్లారు, ఆ ఏడాదే రాజీ కుదిరింది. అన్నదమ్ముల ఆస్తి తగవులో ఇరుగుపొరుగు ఎంత చెప్పగలరో అభిమాని కూడా అంతే చెప్పగలడు. ఎవరి పక్షాన ఉండాలో తేలకపోతే తేలలేదనే అనుకుని ముందుకు సాగాలి.

కారణం తెలిశాక, లేని వ్యక్తి ఆ సంగీతంలో ఏ పని చేసేవారో స్పష్టంగా గుర్తించాలి. ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు, చాలామంది దాటేసే మెట్టు కూడా ఇదే. మనకు బుర్రకథ తెలుసు కాబట్టి ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. నడుమ తంబురాతో కథకుడు, అటూ ఇటూ డక్కీలతో ఇద్దరు వంతలు, వారిలో ఒకరిది హాస్యం, మరొకరిది రాజకీయం. ఎవరు రాకపోయినా దళం ముగ్గురి నుంచి ఇద్దరికి తగ్గుతుంది గాని, కథకు కలిగే లోటు మాత్రం ఒకేలా ఉండదు. నా చిన్నతనంలో పర్లాకిమిడి దగ్గర ఒక ఊళ్లో కథ చెప్పవలసిన రోజున కథకుడికి జ్వరం వచ్చి, రాజకీయం చెప్పే వంత తంబురా అందుకున్నాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి, కొందరు చాపలు చుట్టుకుని లేచిపోయారు. ఆయన మాత్రం కథకుడి గొంతును అనుకరించే ప్రయత్నం చేయలేదు. యుద్ధఘట్టాన్ని కుదించి, తనకు చేతనైన సంభాషణలను నిదానంగా నడిపించాడు. నేను పక్కనే ఉన్న తాతయ్యతో, ఆయనలా లేదని గొణిగాను. "నాన్నా, ఆయన గొంతు ఈయనలో ఎతకకు. ఈయన ఏటి సెప్తన్నాడో అది ఇను" అన్నారు తాతయ్య. ముఖ్యుడు లేని కచేరీలో వినడానికి నాకు ఇంతకంటే మంచి పద్ధతి ఇంతవరకు దొరకలేదు.

మన దేశపు ఇండియన్ ఓషన్ బృందాన్నే చూడండి. తబలా వాయిస్తూ పాడిన అసీమ్ చక్రవర్తి 2009 డిసెంబరు 25న మరణించారు. ఆయన చేసే పని ఏమిటో ఆ బృందానికి బాగా తెలుసు గనుక, ఒకరి స్థానంలో ఇద్దరిని తీసుకుంది. తుహిన్ చక్రవర్తి తబలా, హిమాంశు జోషి గానం అందుకున్నారు. 2013లో గిటారు వాద్యకారుడు సుస్మిత్ సేన్ వెళ్లిపోయాక నిఖిల్ రావు వచ్చారు. ఆ బృందాన్ని కొత్తగా వినేవారు పాత రికార్డింగు ఒకటి, మార్పు తర్వాతి ప్రత్యక్ష కచేరీ ఒకటి తీసుకుని వెంటవెంటనే వింటే, ఏ పని ఎవరికి దక్కిందో, ఏ పని ఎవరికీ దక్కక ఖాళీగా ఉండిపోయిందో చెవికే తెలుస్తుంది. డ్రమ్ముల విషయంలో ఇంకా నిశితంగా వినవచ్చు. చార్లీ వాట్స్ స్నేర్ డ్రమ్ము మీద దెబ్బ వేసే క్షణంలో హై-హ్యాట్ అనే జంట తాళాల మీద నుంచి కర్రను ఎత్తేసేవారు. ఆ చిన్న విరామం వల్ల పాటకు ఒక రకమైన ఊపు వచ్చేది. ఆయన స్థానంలో వాయించిన స్టీవ్ జోర్డాన్ నడక వేరు, అది మరింత బరువుగా వినిపిస్తుంది. ఈ తేడా పట్టుకున్న శ్రోత బాగుంది, బాగాలేదు అన్న రెండు మాటల దగ్గరే ఆగిపోడు.

ఆ తర్వాత ప్రకటనను జాగ్రత్తగా చదవాలి. ఈ విషయంలో నేను కఠినంగానే ఉంటాను. మా జిల్లాలో ఒక ఉత్సవానికి వచ్చిన ఆర్కెస్ట్రా పోస్టరు మీద, ఏడాది కిందటే ఆ బృందాన్ని వదిలిన గాయకుడి ఫొటో వేశారు. ముందు వరుస టికెట్టు కొని కూర్చున్న మాకు వేదిక మీద ఒక కొత్త కుర్రవాడు కనిపించాడు. వెనక నుంచి ఈలలు, కేకలు మొదలయ్యాయి. ఆ కుర్రవాడు వణుకుతూనే రెండు పాటలు పూర్తి చేశాడు. పోస్టరు వేసింది అతను కాదు, డబ్బు తీసుకున్నదీ అతను కాదు. అయినా శిక్ష అతనికే పడింది, ఆ రాత్రి నేనూ నోరు మెదపలేదని ఇప్పటికీ బాధపడుతున్నాను. మోసం జరిగితే నిర్వాహకులను లిఖితపూర్వకంగా అడగాలి, డబ్బు వెనక్కి కోరాలి. పాడుతున్నవాడి మీదికి కేకలు వేయకూడదు.

పేరు వాడుకోవడంలో బృందాల తీరు కూడా గమనించాలి. క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ 1991లో మరణించారు; మిగిలిన సభ్యులు బ్రయన్ మే, రోజర్ టేలర్ కొత్త గాయకుడు ఆడమ్ లాంబర్ట్‌తో చేసే పర్యటనలకు క్వీన్ పేరు పక్కన ఆయన పేరు కూడా చేర్చి ప్రకటిస్తారు. అది నిజాయతీ అని నా అభిప్రాయం. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం సభ్యులు 1995లో తమ గాయకుడు, గిటారు వాద్యకారుడు జెర్రీ గార్సియా పోయాక ఆ పేరునే విరమించారు. లెడ్ జెపెలిన్ 1980లో డ్రమ్మరు జాన్ బోనమ్ మరణంతో బృందాన్నే ముగించింది.

డబ్బు విషయం త్వరగా తేల్చుకోవాలి. కళాకారుల మార్పు గురించి టికెట్టు షరతుల్లో ఏముందో కొనేముందే చదవాలి. డబ్బు వాపసుకు గడువు ప్రకటిస్తే ఆ తేదీలోపే నిర్ణయించుకోవాలి. రైలు టికెట్టు రద్దుకు ఆలస్యమైన కొద్దీ కోత పెరుగుతుంది గనుక, రెండు నిర్ణయాలూ ఒకే రోజున తీసుకోవడం మంచిది. ఆ గొంతు కోసం మాత్రమే వెళుతున్నానని మీకు గట్టిగా అనిపిస్తే మానుకోండి, అందులో ద్రోహం లేదు. పాటల కోసం వెళుతున్నాననిపిస్తే వెళ్లండి.

వెళ్లడానికి నిశ్చయించుకున్నవారు చివరి రెండు వారాలూ పాత స్టూడియో రికార్డింగులు పక్కన పెట్టి, కొత్త సభ్యుడితో జరిగిన ప్రత్యక్ష కచేరీలు వినాలి. లేకపోతే కచేరీ అంతా చెవి లేనివారి కోసమే వెతుక్కుంటుంది. కచేరీలో కొత్తవారు వాయిస్తుండగా లేనివారి పేరు అరవకండి. పాట ముగిశాక చప్పట్లలో ఆ పేరు పలికితే అది నివాళి అవుతుంది. మనకు ఎవరు ముఖ్యులో మనమే తేల్చుకున్నామన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. 2012 డిసెంబరులో గన్స్ ఎన్ రోజెస్ మన దేశానికి వచ్చినప్పుడు గిటారు వాద్యకారుడు స్లాష్ లేడని అభిమానులు కుమిలిపోయారు. 2025 మే 17న ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్సుకు స్లాష్‌తో కలిసి వచ్చినప్పుడు, ఆ ఏడాదే డ్రమ్ముల దగ్గరికి ఐజాక్ కార్పెంటర్ కొత్తగా చేరారన్న సంగతి ఆ సంబరంలో చాలామందికి పట్టలేదు.

తిరుగు ప్రయాణంలో, బరంపురం చేరకముందే, ఆ రాత్రి వేదిక మీద ఉన్న ప్రతి ఒక్కరి పేరూ, వారు ఏ వాద్యం పట్టారో, ఏ పాటలో లోటు వినిపించిందో, ఏ పాటలో వినిపించలేదో ఒక కాగితం మీద రాసుకోండి. రాలేకపోయిన మిత్రులు స్టేషనులోనే మిమ్మల్ని అడుగుతారు. అప్పుడు ముందుగా కొత్తగా వచ్చినవారి గురించి చెప్పండి, లేనివారి గురించి తర్వాత చెప్పండి.