పని చేసుకునే బల్లను శుభ్రంగా ఉంచుకోవడం ఎలా?

బల్ల మీది వస్తువులను అటూ ఇటూ జరిపి, మధ్యలో కనిపించిన చోట గుడ్డతో తుడిస్తే శుభ్రమైనట్టు అనిపిస్తుంది గానీ, దుమ్ము ఆ వస్తువుల చుట్టూ, వాటి కిందా అలాగే మిగిలిపోతుంది. అందుకే ఏ ద్రావణం వాడాలన్న ప్రశ్న కంటే ఏ పని ముందు చేయాలన్నదే ముఖ్యం.

మొదట బల్లను పూర్తిగా ఖాళీ చేయండి. తీసిన వస్తువులలో రోజూ వాడేవాటిని మాత్రమే, బల్ల తుడిచాక చేతికందే దూరంలో తిరిగి పెట్టడానికి పక్కన ఉంచి, అప్పుడప్పుడు అవసరమయ్యేవాటిని సొరుగులోకి చేర్చి, ఎండిపోయిన పెన్నులు, పని తీరిపోయిన కాగితాల వంటివాటిని వదిలించుకోండి. కంటికి ఎదురుగా ఉన్న ప్రతి వస్తువూ మన ధ్యాసను కొంత లాక్కుంటుంది కాబట్టి, ఈ ఏరివేత ఏకాగ్రతకు కూడా మేలు చేస్తుంది. జపాన్ కర్మాగారాలలో రూపుదిద్దుకున్న, పని చేసే చోటును ఐదు మెట్లలో సర్దుకునే 5ఎస్ పద్ధతిలో సైతం అక్కర్లేనివి తీసేయడం మొదటి మెట్టు, మిగిలినవాటికి చోటు కేటాయించడం రెండోది, శుభ్రపరచడం మూడోది.

తర్వాత దుమ్ము సంగతి. పై అరలతో మొదలుపెట్టి దీపం, మానిటర్, బల్ల మీదుగా చివరికి నేలకు రండి. పొడి గుడ్డతో దులిపితే దుమ్ము గాలిలోకి లేచి, ఎలర్జీ, ఉబ్బసం ఉన్నవారిని ఇబ్బంది పెడుతుంది. కొద్దిగా తడిపి గట్టిగా పిండిన మైక్రోఫైబర్ గుడ్డ దాన్ని పట్టి ఉంచుతుంది.

కీబోర్డుకు కాస్త ఎక్కువ సమయం కేటాయించాలి. దాన్ని కంప్యూటర్ నుంచి వేరు చేసి, తలకిందులుగా పట్టుకుని మెల్లగా తట్టండి. తినుబండారాల పొడి, వెంట్రుకలు, గోళ్ల ముక్కలు రాలుతాయి. మీటల సందుల్లో మెత్తని బ్రష్ ఆడించి, ఆపైన 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దిగా తడిపిన గుడ్డతో మీటలను, మౌస్‌ను తుడవండి. నూరు శాతానికి దగ్గరగా ఉన్న ఆల్కహాల్ కంటే ఇదే మెరుగ్గా పనిచేస్తుంది, ఎందుకంటే అందులోని నీరు సూక్ష్మజీవుల ప్రోటీన్లను దెబ్బతీయడానికి తోడ్పడుతుంది, ఆల్కహాల్ వెంటనే ఆవిరైపోకుండా ఆపుతుంది. తెర విషయం వేరు. దాని పూత దెబ్బతినవచ్చు కాబట్టి, తయారీదారు అనుమతిస్తే తప్ప ఆల్కహాల్ వాడకండి. ఏ ద్రవాన్నీ నేరుగా తెర మీద చల్లకండి.

క్రిమిసంహారిణి మురికి పొర మీద సరిగా పనిచేయదు కనుక, జిడ్డు ఉన్న బల్లను ముందు సబ్బు నీటితో తుడవాలి. ఆ తర్వాత క్రిమిసంహారిణి చల్లి, దాని సీసా మీద సూచించినంత సేపు ఉపరితలాన్ని తడిగా ఉంచాలి. చల్లిన మరుక్షణమే తుడిచేస్తే ఫలితం ఉండదు. బ్లీచ్‌ను అమ్మోనియా లేదా ఆమ్లం ఉన్న క్లీనర్లతో ఎన్నడూ కలపకండి, విషవాయువులు వెలువడతాయి.

వీలైతే భోజనం మరోచోట చేయండి. రాలిన మెతుకులకు చీమలు, బొద్దింకలు చేరతాయి, బొద్దింకల విసర్జకాలు ఉబ్బసాన్ని రేపుతాయి.

రోజూ పని ముగిశాక ఓ ఐదు నిమిషాలు కేటాయించి, కాగితాలు సర్ది, కప్పు కడిగి, చెత్తబుట్ట ఖాళీ చేస్తే వారాంతపు శుభ్రత తేలికవుతుంది. బల్లను ఇతరులతో పంచుకునేవారు మాత్రం కూర్చునే ముందు, లేచే ముందు కూడా కీబోర్డు, మౌస్, కుర్చీ చేతులు తుడవాలి.