టెర్మినల్‌లో జావా, 4వ పాఠం: జావా మారింది, జావాసీ మారలేదు

ఈసారి గ్రేడిల్ (ప్రాజెక్టును బిల్డ్ చేసే టూల్) మొదలుపెడదామనుకున్నా, కానీ పోయిన పాఠం చేసినవాళ్లలో చాలామంది ఒకే చోట ఇరుక్కున్నారు. ఉబుంటులో జావా 17ను ఎంచుకున్నారు, 'జావా -వెర్షన్' కొడితే 17 అనే చూపిస్తోంది, ప్రోగ్రామ్ నడపగానే మాత్రం 'అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్', దాని వెనకే 65.0, 61.0 అని ఏవో అంకెలు. గ్రేడిల్ తర్వాత చూద్దాం.

ఆ అంకెలోంచి 44 తీసేయండి. వచ్చేదే జావా వెర్షన్: 65 అంటే 21, 61 అంటే 17, 55 అంటే 11, 52 అంటే మన ఆఫీసుల్లో ఇంకా చావని 8. అంటే మీ క్లాస్ ఫైల్ (కోడ్‌ను కంపైల్ చేస్తే వచ్చేది) 21తో కంపైల్ అయింది, మీరు 17తో నడుపుతున్నారు. కొత్త జావా పాత క్లాస్ ఫైళ్లు చదువుతుంది, పాతది కొత్తవి చదవదు.

మరి 21 ఎక్కడ్నుంచి ఊడిపడింది? ఉబుంటులో వెర్షన్ ఎంచుకునే 'అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --కాన్ఫిగ్ జావా' మార్చేది ప్రోగ్రామ్‌ను నడిపే జావా కమాండ్‌ను ఒక్కదాన్నే. కోడ్‌ను కంపైల్ చేసే జావాసీకి వేరే లింకు, వేరే మెనూ. అదే కమాండ్ చివర జావా బదులు జావాసీ పెట్టి కొట్టండి, నక్షత్రం గుర్తు 21 పక్కనే కనిపిస్తుంది. కొందరికి మెనూయే రాదు, ఉన్నది ఒక్కటే, మార్చడానికేం లేదంటుంది. వాళ్లు 17కి జేఆర్ఈ (నడపడానికి మాత్రమే పనికొచ్చేది, జావాసీ ఉండదు) మాత్రమే వేసుకున్నారన్నమాట. జావాసీ కూడా ఉండే జేడీకే ప్యాకేజీ వేసుకుని మళ్లీ రండి.

నేనైతే ఈ మెనూల జోలికే పోను. 'అప్‌డేట్-జావా-ఆల్టర్నేటివ్స్ --లిస్ట్' కొట్టి, అందులోంచి పేరు కాపీ చేసి, ముందు సుడో పెట్టి '--సెట్' తో ఇచ్చేస్తా. జావా, జావాసీ, జార్ అన్నీ ఒక్క దెబ్బకి మారతాయి.

ఇక నాకు ఒళ్లు మండించేది జావా హోమ్, అంటే జావా ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. ఎప్పుడో ఏదో వీడియో చూసి బాష్‌ఆర్‌సీ ఫైల్లో (టెర్మినల్ తెరవగానే నడిచేది) దీన్ని సెట్ చేసే ఒక ఎక్స్‌పోర్ట్ లైను అతికించి ఉంటారు, అదక్కడే పడి ఉంటుంది. పైన చెప్పిన కమాండ్లేవీ దాన్ని ముట్టుకోవు. మావెన్ (ఇదీ గ్రేడిల్ లాంటి బిల్డ్ టూలే) మాత్రం ముందు దాన్నే చూస్తుంది. అందుకే టెర్మినల్‌లో 17 అనీ, మావెన్‌లో 11 అనీ కనిపిస్తుంది, 'ఎంవీఎన్ -వి' కొడితే తెలిసిపోతుంది. ఇంకా ఘోరం, ఆ లైను కిందే జావా హోమ్‌లోని బిన్ ఫోల్డర్‌ను పాత్‌లో (కమాండ్ల కోసం షెల్ వరసగా వెతికే ఫోల్డర్ల జాబితా) మొదట చేర్చి ఉంటారు. అప్పుడు ఆల్టర్నేటివ్స్‌లో ఎన్నిసార్లు మార్చినా ఏం జరగదు, ఎందుకంటే షెల్ అక్కడిదాకా వెళ్లనే వెళ్లదు. 'విచ్ జావా' కొట్టండి. యూఎస్ఆర్ బిన్‌లోని జావా కాకుండా ఇంకేదైనా వస్తే దొంగ దొరికినట్టే. ఆ లైన్లు తీసేసి కొత్త టెర్మినల్ తెరవండి. పాత టెర్మినల్‌లోనే కొట్టి మారలేదని మళ్లీ మెసేజ్ పెట్టకండి బాబూ.

సాధన: 11, 21 రెండింటి జేడీకేలూ వేసుకోండి. స్ట్రీమ్ మీద 'టులిస్ట్' పిలిచే చిన్న ప్రోగ్రామ్ రాయండి. ఆ మెథడ్ 16లో వచ్చింది. 21 జావాసీతో మొదట '-సోర్స్ 11 -టార్గెట్ 11' ఇచ్చి కంపైల్ చేయండి, వార్నింగ్ వచ్చినా అవుతుంది. దాన్ని 11తో నడపండి, ఆల్టర్నేటివ్స్ మార్చకుండా, జేవీఎం ఫోల్డర్ నుంచి పూర్తి పాత్ ఇచ్చి. ఇప్పుడు '--రిలీజ్ 11' తో అదే కంపైల్ చేయండి. ఒకటి నడిపేటప్పుడు పడిపోయింది, రెండోది కంపైల్ దగ్గరే ఆగింది. ఎందుకో రాసి పంపండి, గ్రేడిల్ ఆ తర్వాతే.