ఫుట్‌బాల్ చూడటం నేర్చుకుందాం – 4వ పాఠం: 90+5 వేరు, 95 వేరు

పోయినసారి చివర్లో ఒకే ఒక్క ప్రశ్న ఇచ్చాను. 2022 డిసెంబరు 18న అర్జెంటీనా, ఫ్రాన్స్ ప్రపంచకప్ ఫైనల్ మన టైమ్‌లో రాత్రి 8:30కి మొదలైంది, ఎన్నింటికి అయిపోయి ఉంటుంది అని. సగం మంది "పదింటికి" అని రాశారు. ఎనిమిదిన్నరకి గంటన్నర కలిపి చేతులు దులుపుకున్నారన్నమాట. హాఫ్‌టైమ్ 15 నిమిషాలు ఎక్కడికి పోయింది? సరే, అది అందరికీ తెలిసిందే కదా అని నేనూ రాయలేదు, అందులో నా తప్పూ ఉంది. 10:15 అన్నవాళ్లు కాస్త నయం. అసలైతే అర్జెంటీనా ఆటగాడు మాంటియెల్ ఆఖరి పెనాల్టీ కొట్టేసరికి పదకొండు దాటిపోయింది. 90 నిమిషాలకు 2-2, ఆ పైన 30 నిమిషాలు ఆడితే 3-3, ఆ తర్వాత షూటౌట్, అంటే గెలుపు తేల్చడానికి రెండు జట్లూ మార్చి మార్చి కొట్టే పెనాల్టీలు.

కబడ్డీలో టైమవుట్ అడిగితే గడియారం ఆగుతుంది. ఫుట్‌బాల్‌లో ఆగదు. ఎవరైనా పడిపోయినా, ఆటగాణ్ని మార్చినా, వీఏఆర్ (రిఫరీ నిర్ణయాన్ని వీడియోలో సరిచూడటం) చూస్తున్నా, గోల్ కొట్టి మూలకు పరిగెత్తి కుప్పగా పడినా అది తిరుగుతూనే ఉంటుంది. అలా పోయిన టైమ్‌ను రిఫరీ ఒక్కో హాఫ్ చివర కలుపుతాడు. అదే ప్రపంచకప్‌లో నవంబరు 21న ఇంగ్లండ్, ఇరాన్ మ్యాచ్ చూసినవాళ్లకి ఇది బాగా గుర్తుంటుంది. ఇరాన్ గోల్‌కీపర్ సొంత జట్టువాడికే ఢీకొని ముక్కు పగిలి కూలబడ్డాడు, చికిత్స సాగుతూనే ఉంది, ఫస్ట్ హాఫ్‌కే 14 నిమిషాలు కలిపారు. సెకండ్ హాఫ్‌కి ఇంకో 13. మొత్తం ఆట దాదాపు 117 నిమిషాలు, అదీ ఎక్స్‌ట్రా టైమ్ లేకుండానే! ఫోర్త్ అఫీషియల్ (గీత బయట నిలబడే రిఫరీ సహాయకుడు) ఎత్తే బోర్డు మీద 8 అని ఉంటే, కనీసం 8 అని అర్థం. రిఫరీ దాన్ని పెంచొచ్చు, తగ్గించడానికి మాత్రం వీల్లేదు.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయానికొద్దాం. మన పేపర్లలో దీన్నీ "అదనపు సమయం" అంటారు, నాకౌట్‌లో (ఓడితే ఇంటికే అనే మ్యాచ్‌లో) స్కోరు సమమైతే ఆడించే 30 నిమిషాలనీ "అదనపు సమయం" అంటారు. రెంటికీ ఒకే పేరు పెడితే చదివేవాడు ఏమైపోవాలి? నేనైతే మొదటిదాన్ని పాతకాలం వాళ్లలా ఇంజూరీ టైమ్ అనే అంటాను, గాయాలే కారణం కాకపోయినా సరే. రెండోది ఎక్స్‌ట్రా టైమ్. ఇది 15 చొప్పున రెండు ముక్కలు, దానికి మళ్లీ దాని ఇంజూరీ టైమ్ దానిదే.

90+5 అంటే మామూలు ఆటకు ఇంజూరీ టైమ్‌లో అయిదో నిమిషం. 95 అంటే ఎక్స్‌ట్రా టైమ్ మొదలై అయిదో నిమిషం. ఒకరు అడిగారు, "సార్, 45+3లో ఒక గోల్, 46లో ఒక గోల్ అని రాశారు, 46ది ముందు పడినట్టే కదా?" కాదు బాబూ. ఫస్ట్ హాఫ్ ఎంత సాగినా, సెకండ్ హాఫ్ గడియారం మళ్లీ 45:00 నుంచే మొదలవుతుంది. అందుకే 45+14 కూడా 46 కంటే ముందే.

ఇందులోనే ఇంకో పేచీ ఉంది. 2012 మే 13న మాంచెస్టర్ సిటీకి ఇంగ్లండ్ లీగ్ టైటిల్ తెచ్చిన అగ్వెరో గోల్ గడియారంలో 93:20. (నేను అప్పుడు నీళ్లు తాగడానికి వంటింట్లో ఉన్నాను, ఆ సంగతి వదిలేయండి.) రికార్డుల్లో మాత్రం 90+4. ఎందుకంటే, పదిహేనేళ్లు నిండిన పిల్లాడికి పదహారో ఏడు నడుస్తోంది అంటాం చూడండి, అలాగే 93 నిండి 94వ నిమిషం నడుస్తోంది. 44:10కి పడిన గోల్ కూడా ఇలాగే 45వ నిమిషం గోల్.

మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే, 2022 మార్చి 20న గోవాలో ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్. కేరళ బ్లాస్టర్స్ 1-0తో ముందుంది, 88వ నిమిషంలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆటగాడు సాహిల్ తవోరా సమం చేశాడు. ఎక్స్‌ట్రా టైమ్‌లో గోల్ లేదు. షూటౌట్‌లో హైదరాబాద్ గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1తో కప్పు మనకి. ఆ 88వ నిమిషం గోలే లేకపోతే, ఇంట్లోవాళ్లు గంట ముందే అన్నం తినేవాళ్లు.

నా అడ్డదారి ఇది: లీగ్ మ్యాచ్‌కి రెండు గంటలు, నాకౌట్‌కి మూడు గంటలు పక్కన పెట్టేస్తాను. నిమిషాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోను.

అభ్యాసం మాట మరిచిపోయాను. 95, 46, 90+5, 91, 45+3 – ఇవి గోల్స్ పడిన నిమిషాలు, వరుసలో పెట్టండి. ఇది అయిదు నిమిషాల పని. రెండోది కష్టం. ఈ వారం ఒక మ్యాచ్ మొత్తం ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని చూడండి. బంతి గీత దాటినా, ఫౌల్ అయినా ఆపండి, మళ్లీ ఆట కదిలాక మొదలుపెట్టండి. చివర్లో ఎంత వచ్చిందో రాసి పంపండి. గంట కూడా రాకపోతే స్టాప్‌వాచ్‌ని అనుమానించకండి.