లిఫ్ట్ చేసిన జిప్సీ: సమస్య – పరిష్కారం

రెండంగుళాల లిఫ్ట్ (బండిని ఎత్తు లేపడం), 31 అంగుళాల టైర్లు, ఎక్కువ వాట్ల లైట్లు: మారుతి జిప్సీకి తరచూ చేయించే మార్పులివి. తేడా కనిపించగానే కొత్త పార్టులు కొనకండి. ఆఖరున ఏది మార్చారో అక్కడి నుంచి వెతకండి, కొలిచాకే ఖర్చు పెట్టండి.

గుంత తగలగానే స్టీరింగ్ విపరీతంగా ఊగుతోంది

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదే. ఊపు మొదలైతే యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ నిలకడగా పట్టుకుని, మెల్లగా వేగం తగ్గించి ఆపాలి.

పెద్ద టైరు బరువుకి పాత లూజులన్నీ బయటపడతాయి. ముందు చక్రాన్ని జాకీతో లేపి, స్టాండు పెట్టి, పైనా కిందా పట్టుకుని ఊపండి. లూజు తగిలితే ఇంకొకరిని బ్రేకు తొక్కి ఉంచమనండి. అప్పుడు లూజు పోతే తప్పు వీల్ బేరింగ్‌ది. పోకపోతే కింగ్ పిన్ (చక్రం పక్కకు తిరిగే ఇరుసు) బేరింగులది. తర్వాత బండి దించి, ఒకరు స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూఇటూ తిప్పుతుంటే స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్లు, డ్రాగ్ లింకు లూజుగా ఉన్నాయేమో చేత్తో పట్టి చూడండి.

ఇవన్నీ బిగువుగా ఉండి, చక్రాల బ్యాలెన్సింగ్ అయ్యాక కూడా ఊగితే క్యాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలిన కోణం) కొలిపించండి. పొడవు షాకిల్స్‌తో (కమాన్ కట్టను ఛాసిస్‌కి కలిపే లింకులతో) లేపిన బండిలో అది తగ్గుతుంది. యాక్సిల్‌కీ కమాన్ కట్టకీ మధ్య 2 డిగ్రీల వెడ్జ్ (ఏటవాలు లోహపు ముక్క) వేయించండి. ఎక్కువ వేస్తే డిఫరెన్షియల్ ముక్కు కిందికి దిగి ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని యాక్సిల్‌కు చేర్చే తిరిగే కడ్డీ) కోణం చెడుతుంది. వీటన్నిటికీ బదులు స్టీరింగ్ డ్యాంపర్ (ఊపును అణిచే షాక్ అబ్జార్బర్ లాంటిది) వేసి సరిపెట్టడాన్ని మాత్రం ఒప్పుకోకండి. ఊపు తగ్గినట్టుంటుంది, లోపల అరుగుదల సాగుతూనే ఉంటుంది.

వేగం పెరిగేకొద్దీ ఫ్లోర్ కింద వణుకు

లిఫ్ట్‌తో వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారింది. షాఫ్ట్ రెండు చివరలూ బిగించే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకు శక్తిని పంచే పెట్టె) ఫ్లాంజ్, డిఫరెన్షియల్ ఫ్లాంజ్ కోణాలు యాంగిల్ గేజ్‌తో కొలవండి. రెండింటి మధ్య తేడా ఒక డిగ్రీ దాటితే వెడ్జ్‌తో సరిచేయాలి. షాఫ్ట్ విప్పేముందు గుర్తులు పెట్టుకోండి, రెండు చివరల యోకులు (జాయింటును పట్టే కవలు) ఒకే వరసలో రావాలి. కొత్త లిఫ్ట్ అయితే 100 కి.మీ.కి ఒకసారి, 500కి మరోసారి, కమాన్ కట్టను యాక్సిల్‌కి పట్టి ఉంచే యు బోల్టులు టార్క్ రెంచితో బిగించాలి.

బ్రేకు గొట్టం బిగుసుకుంటోంది

ఛాసిస్ లేపి యాక్సిల్‌ను వేలాడనిచ్చి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పండి. గొట్టం ఎక్కడ సాగినా పొడవుది వేయించేదాకా బండి తీయొద్దు.

మీటరులో 60, నిజంగా 70

ఒరిజినల్ 205/70 ఆర్15 టైరు వ్యాసం 668 మి.మీ., 31 అంగుళాలంటే 787. అంటే 1.18 రెట్లు. మైలేజీ లెక్కకూ, ఆయిల్ మార్పు లెక్కకూ ఓడోమీటర్ తిరిగిన దూరాన్ని 1.18తో గుణించండి. తీసిన ఒరిజినల్ భాగాలు దాచుకోండి, తిరిగి బిగించాల్సి రావచ్చు. కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నమైన మార్పులను మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అనుమతించదు.

లైటు స్విచ్ వేడెక్కుతోంది

60/55 వాట్ల బల్బుల చోట 100/90వి పెడితే హై బీమ్‌లో జంటకు 16 ఆంపియర్లు దాటుతుంది. పాత స్విచ్ దాన్ని మోయలేక కరుగుతుంది. 30 ఆంపియర్ల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపే స్విచ్) వేయండి: 30వ పిన్ బ్యాటరీకి, 87 బల్బులకి, 86 పాత స్విచ్ వైరుకి, 85 ఎర్త్‌కి. బ్యాటరీ పక్కనే 20 ఆంపియర్ల ఫ్యూజు తప్పనిసరి.

తెల్లారేసరికి బ్యాటరీ డౌన్

నెగటివ్ టెర్మినల్ తీసి, మల్టీమీటర్‌ను 10 ఆంపియర్ రేంజిలో తీసిన వైరుకీ బ్యాటరీకీ మధ్యన కలపండి. తలుపులు మూసి అరగంట ఆగండి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ చూడండి, రీడింగు పడిపోయిన చోటే దొంగ. యాంప్లిఫయర్ ఉన్న బండిలో ముందు దాని రిమోట్ వైరు (దాన్ని ఆన్ చేసే వైరు) చూడండి. నేరుగా బ్యాటరీకి కలిపి ఉంటే స్టీరియో రిమోట్ అవుట్‌పుట్‌కి మార్చండి.