మీకంటే బలమైనవాళ్ల ముందు వింగ్ చున్ ఎలా వాడాలి?

వింగ్ చున్ దక్షిణ చైనా కుంగ్‌ఫూ. ఇప్ మాన్ 1950ల నుంచి హాంకాంగ్‌లో దీన్ని నేర్పాడు, బ్రూస్ లీ ఆయన శిష్యుడే. తనను పెళ్లి చేసుకోమని వేధించిన రౌడీని యిమ్ వింగ్ చున్ అనే అమ్మాయి ఈ విద్యతోనే ఓడించిందని ఐతిహ్యం. మరి క్లాసులో చక్కగా కుదిరిన చేతులు, బరువైన మనిషి మీదికి వస్తే ఎందుకు చెదిరిపోతాయి? దెబ్బను చేతి బలంతో ఆపాలని చూస్తాం కాబట్టి.

1. ముందు కాళ్లు కదలాలి. దెబ్బ వచ్చే దారిలోంచి ఏటవాలుగా ఒక అడుగు పక్కకు వేయండి. నేరుగా వెనక్కి వెళ్తే అతను తరుముతూనే ఉంటాడు.

2. అడుగుతో పాటే తాన్ సావ్, అంటే దెబ్బను పక్కకు మళ్లించే చేయి. అరచేయి పైకి, మోచేయి పక్కటెముకలకు పిడికెడు దూరంలో. మోచేయి పక్కకు జారిందా, ఆ బరువంతా భుజం మీద పడుతుంది. నాకంటే 20 కిలోలు ఎక్కువున్న తోటి సాధకుడితో చేసినప్పుడు, నిలబడి పట్టిన తాన్ సావ్ ప్రతిసారీ కూలిపోయేది. అడుగు కలిపాక అతని పిడికిలి నా చెంప పక్కనుంచి వెళ్లిపోయింది. చేయి ఊరికే తగిలి ఉంది, అంతే! ఆ క్షణంలోనే రెండో చేత్తో గుద్దాలి.

3. మోచేయి పైకెత్తి, ముంజేతిని కిందికి వాల్చి దెబ్బను మళ్లించే బోంగ్ సావ్‌లో ఆగిపోకండి. అతను నొక్కుతుంటే నడుము తిప్పి, అతని చేయి పట్టి లాగేయండి. దీన్ని లాప్ సావ్ అంటారు.

4. జోడీతో ముంజేతులు ఆనించి, అవతలి ఒత్తిడిని స్పర్శతో పసిగట్టే చీ సావ్ సాధన మీదే ఎక్కువ సమయం పెట్టండి. దీనికి పాత సూత్రం ఒకటుంది: వచ్చేదాన్ని నిలుపు, పోయేదాన్ని సాగనంపు, చేయి ఖాళీ అయితే నేరుగా దూసుకుపో. మొదట మెల్లగా, తర్వాత అవతలివాళ్లను నిజంగా తోయమనండి. సహకరించే జోడీతోనే ఎన్నేళ్లు చేసినా టెన్షన్‌లో చేయి పనిచేయదు. నా మటుకు నాకు ఇదే అన్నిటికన్నా ముఖ్యం.

5. వాటేసుకుంటే గడ్డం దించి, ముంజేతులను అతని మోచేతుల లోపలికి దూర్చి, పక్కకు తిరిగి జరగండి. దారి దొరకగానే పరుగెత్తండి.

గట్టిగా తలపడే రోజు గ్లవ్స్, మౌత్‌గార్డ్ తప్పనిసరి. మొదట ఒక నిమిషం రౌండ్లు చాలు.